గుర్తింపు కమిటీది.. భారం యజమానిది
జాబితా దగ్గరే ఆగిపోతున్న వారసత్వ కట్టడాల రక్షణ

హైదరాబాద్‌: ఖైరతాబాద్‌ నుంచి పంజాగుట్ట వైపు సాగే దారిలో గుట్టపై నిలిచిన ఎర్రమంజిల్‌ భవనం నేటికీ నేలమట్టం కాకుండా ఉండటానికి దాని గోడల దృఢత్వం ఒక్కటే కారణం కాదు. ఎప్పుడో 1990వ దశకంలో ఒక కమిటీ సలహాపై తయారైన జాబితాలో దాని పేరు ఉండటమే అసలు కారణం. ఆ స్థలంలో నూతన శాసనసభా భవనాన్ని నిర్మించాలని రాష్ట్ర మంత్రివర్గం 2019 జూన్‌ 18న నిర్ణయించింది. అదే నెల 27న శంకుస్థాపన కూడా జరిగిపోయింది. ప్రజాప్రయోజన వ్యాజ్యాలపై సుదీర్ఘ వాదనలు విన్న హైకోర్టు ధర్మాసనం సెప్టెంబరు 16న ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. చట్టబద్ధమైన రక్షణ పొందిన కట్టడమన్న ముఖ్యాంశాన్ని మంత్రివర్గం పరిగణనలోకి తీసుకోలేదని న్యాయస్థానం తప్పుపట్టింది. తీర్పు వెలువడిన హైకోర్టు భవనం సైతం మూసీ ఒడ్డున 1920లో ప్రారంభమైన చారిత్రక కట్టడమే కావడం గమనార్హం.

నవాబు ఫఖ్రుల్‌ ముల్క్‌ 1870 ప్రాంతంలో కట్టించుకున్న ఈ ప్రాసాదానికి పర్షియన్‌ భాషలో స్వర్గోద్యానాన్ని సూచించే ‘ఇరం’ పేరు పెట్టగా, జనం నోట అది ఎర్రమంజిల్‌గా స్థిరపడింది. ప్రభుత్వం చేతికి వచ్చిన తరువాత దశాబ్దాల పాటు ఇంజినీరింగ్‌ శాఖల కార్యాలయాలు ఇందులో నడిచాయి. కూల్చివేత ప్రతిపాదన తెచ్చింది ప్రైవేటు బిల్డరు కాదు, ప్రభుత్వమే. అడ్డుకున్నదీ ప్రభుత్వం ఒకప్పుడు తన చేతులతో తయారు చేసిన నిబంధనే. ఈ వైచిత్రిలోనే హైదరాబాద్‌ వారసత్వ పరిరక్షణ చరిత్ర అంతా ఇమిడి ఉంది. కట్టడాన్ని గుర్తించే పని ఇక్కడ ఓ మోస్తరుగా జరిగింది. గుర్తించిన తరువాత దానిని నిలబెట్టే పని మాత్రం నేటికీ ఓ దారికి రాలేదు.

పురావస్తు శాఖకు పట్టని ఇళ్లు

పాత కట్టడాల రక్షణ అనగానే సామాన్యులకు స్ఫురించేది పురావస్తు శాఖ నీలిరంగు బోర్డు. చార్మినార్‌, గోల్కొండ కోట వంటివి 1958 నాటి కేంద్ర చట్టం కిందకు వస్తాయి. మరికొన్నింటికి 1960 నాటి రాష్ట్ర చట్టం రక్షణ కల్పించింది. అయితే ఈ రెండు చట్టాల దృష్టీ ప్రధానంగా మనుషులు ఖాళీ చేసి వెళ్లిన కట్టడాల మీదే ఉంటుంది. కోటలు, సమాధులు, శిథిలాలయాలు వాటికి లొంగుతాయి. ఉదయం ఓపీ చీటీల కోసం జనం బారులు తీరే ఆసుపత్రి, పిల్లలు చదువుకునే కళాశాల, పండ్లు అమ్మే బజారు, నాలుగు తరాల వారసులు ఒకే కప్పు కింద కాపురముండే దేవ్డీ - వీటిని ఆ చట్రంలో ఇమిడ్చితే వాడుకలో ఉన్న భవనం కాస్తా వాడుకలో లేకుండా పోతుంది. అలాగని వదిలేస్తే ఒక రాత్రిలో జేసీబీ పాలవుతుంది.

ఈ ఖాళీని పూడ్చే ప్రయత్నం దేశంలో మొదట ముంబైలో జరిగింది. 1995 ఏప్రిల్‌లో అక్కడ వారసత్వ నిబంధనలు వెలువడ్డాయి. అదే ఏడాది డిసెంబరు 14న ఉమ్మడి రాష్ట్ర పురపాలక శాఖ 542 నంబరు జీవో జారీ చేసి, హైదరాబాద్‌ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) 1981 నాటి జోనింగ్‌ నిబంధనల్లో 13వ నిబంధనను చేర్చింది. ఇందుకోసం కొత్తగా శాసనం చేయలేదు, కొత్త శాఖనూ సృష్టించలేదు. లేఅవుట్లు, సెట్‌బ్యాకులు చూసే పట్టణ ప్రణాళికా యంత్రాంగానికే ఈ బాధ్యత అప్పగించి, దానికి సలహా చెప్పేందుకు ఒక వారసత్వ పరిరక్షణ కమిటీని ఏర్పాటు చేశారు. చరిత్రకారులు, వాస్తుశిల్పులు, నిర్మాణ ఇంజినీర్లు, పురావస్తు శాఖ, నగరపాలక సంస్థ ప్రతినిధులు సభ్యులుగా ఉండే ఈ కమిటీ పనితీరును అర్థం చేసుకుంటే తప్ప తరువాత జరిగిన నష్టం ఎక్కడ జరిగిందో తెలియదు.

సున్నం వేయాలన్నా అనుమతి

కమిటీ సలహాతో కట్టడాల ముసాయిదా జాబితా తయారవుతుంది. దానిని ప్రచురించి యజమానుల నుంచి, ప్రజల నుంచి అభ్యంతరాలు, సూచనలు స్వీకరిస్తారు. ఆ తరువాత ప్రభుత్వం తుది జాబితాను నోటిఫై చేస్తుంది. ఈ విధంగా 1998 మార్చి 23న 102 నంబరు జీవో ద్వారా 137 కట్టడాలు తొలిసారి జాబితాకెక్కాయి. దేవ్డీలు, ప్రాసాదాలు, గుళ్లు, మసీదులు, చర్చిలు, ఆసుపత్రులు, విద్యాసంస్థలు అన్నీ అందులో ఉన్నాయి. తదుపరి కాలంలో మరికొన్ని చేరాయి. భవనాలే కాకుండా నగరానికి ప్రత్యేకమైన తొమ్మిది శిలా సముదాయాలను సైతం వారసత్వ ప్రాంతాలుగా చేర్చడం హైదరాబాద్‌ చేసిన అరుదైన పని. కోట్ల సంవత్సరాల నాటి బండలకు పట్టణ ప్రణాళిక నిబంధనల కింద రక్షణ దక్కిన సందర్భాలు దేశంలో అంతగా లేవు.

జాబితాలోని కట్టడాలన్నిటికీ ఒకే కొలబద్ద వర్తించదు. జాతీయ, చారిత్రక ప్రాధాన్యం ఉన్నవి మొదటి శ్రేణి. వీటి లోపల, వెలుపల మరమ్మతుకు అవసరమైన మేరకు మినహా చేయి పెట్టకూడదు. ప్రాంతీయంగా, స్థానికంగా ముఖ్యమైనవి, నిర్మాణ సౌందర్యం ఉన్నవి రెండో శ్రేణి. ఇందులో మళ్లీ ‘ఏ’, ‘బీ’ విభాగాలున్నాయి. వీటిలో లోపలి మార్పులకు, కొత్త వాడకానికి కొంత వెసులుబాటు లభిస్తుంది. ఎర్రమంజిల్‌ను ఉంచింది రెండు-బీలో. వీధికి, పేటకు ఒక రూపురేఖనిచ్చే భవనాలు మూడో శ్రేణి. వీటి విషయంలో షరతులు మరింత సడలుతాయి. అంటే జాబితాలో చేరిన ప్రతి ఇల్లూ మ్యూజియంగా మారిపోతుందన్న భయం నిరాధారమైనది. ఈ సంగతిని యజమానులకు ఇంటింటికీ వెళ్లి నచ్చజెప్పే యంత్రాంగం లేకపోవడంతో ఆ భయమే వ్యాపించింది. నోటీసు అందిన ఇంటివారికి తమ ఆస్తికి తాళం పడినట్లే తోచింది.

భయానికి కొంత ఆస్కారం నిబంధనలోనూ ఉంది. జాబితాలోని కట్టడాన్ని కూల్చడానికి, మార్చడానికి మాత్రమే కాదు, మరమ్మతు చేయడానికి, ప్లాస్టరింగ్‌కు, రంగులు వేయడానికి కూడా హుడా ఉపాధ్యక్షుని నుంచి ముందుగా లిఖితపూర్వక అనుమతి పొందాలి. ఆయన కమిటీని సంప్రదించాలి. ప్రత్యేక సందర్భాల్లో కారణాలు నమోదు చేసి కమిటీ సలహాను కాదనే వీలు కూడా ఆయనకు ఉంది. కమిటీకి ఆదేశించే అధికారం లేదు, సలహా చెప్పే అధికారమే ఉంది.

రంగులకూ అనుమతా అని విసుక్కునే వారు ఒక్క విషయం గమనించాలి. పాత గోడలను డంగు సున్నంతో కట్టారు. నానబెట్టి, గానుగలో తిప్పి, బెల్లం, కరక్కాయ వంటివి కలిపి తయారు చేసిన ఆ సున్నం తేమను పీల్చుకుంటుంది, విడిచిపెడుతుంది. ఆ గోడకు సిమెంటు పూసి, పైన ప్లాస్టిక్‌ పెయింటు వేస్తే తేమకు బయటకు వెళ్లే దారి మూసుకుపోతుంది. గోడ లోపలి నుంచి ఉప్పుపట్టి పొడిపొడిగా రాలుతుంది. కూల్చివేతకు గురైన భవనాల సంగతి పత్రికల్లో వస్తుంది గాని, మంచి చేయబోయి సిమెంటుతో చంపిన భవనాల లెక్క ఎవరూ రాయరు. అనుమతి నిబంధన వెనుక ఉన్న తర్కం ఇది. తర్కం సరైనదే. సున్నపు పని తెలిసిన మేస్త్రీ ఎక్కడ దొరుకుతాడు, అతని కూలీ ఎంత, ఆ డబ్బు ఎవరివ్వాలి అన్న ప్రశ్నలకు మాత్రం జవాబు ఆ అనుమతి పత్రంలో ఉండదు.

‘చేయవచ్చు’ అన్నచోటే చిక్కు

నిజానికి 13వ నిబంధనను రాసినవారు యజమానిని పూర్తిగా విస్మరించలేదు. ఆంక్షల వల్ల కష్టం కలిగితే విన్నవించుకునే అవకాశం కల్పించారు. మరమ్మతులకు ఆర్థిక సాయం అందించేందుకు ప్రత్యేక నిధిని ఏర్పాటు చేసే ప్రస్తావన చేర్చారు. స్థలంలో కొత్త నిర్మాణం చేసుకునే హక్కు కోల్పోయినందుకు పరిహారంగా బదలాయింపు అభివృద్ధి హక్కు (టీడీఆర్‌) ఇచ్చే వీలు ఉంచారు. అయితే ఆంక్షల దగ్గర ‘చేయరాదు’ అని తేల్చిచెప్పిన నిబంధన, సాయం దగ్గరకు వచ్చేసరికి ‘చేయవచ్చు’ అన్న మాటతో సరిపెట్టింది. చేయరాదన్నది మర్నాటి నుంచే అమల్లోకి వచ్చింది. చేయవచ్చన్నది తమ గడప దాకా రాలేదన్నది జాబితాలోని ఇళ్ల యజమానుల చిరకాల ఫిర్యాదు.

ఇందులో టీడీఆర్‌ వ్యవహారాన్ని కాస్త విడమరచి చూడాల్సి ఉంది. పరిరక్షణకు అన్ని నగరాలూ చెప్పే మందు ఇదే కాగా, హైదరాబాద్‌లో అది ఎందుకు వికటించిందన్నది తక్కువగా చర్చకు వచ్చింది. సూత్రం సులువైనదే. పాత మిద్దె స్థలంలో యజమాని అయిదంతస్తులు కట్టుకోగలిగి ఉండీ, వారసత్వ ఆంక్ష వల్ల కట్టుకోలేకపోయాడు. ఆ నష్టపోయిన విస్తీర్ణానికి ప్రభుత్వం ఒక ధ్రువపత్రం ఇస్తుంది. మరోచోట అపార్టుమెంటు కడుతున్న బిల్డరు దానిని కొనుక్కొని తన భవనంలో అదనపు విస్తీర్ణం నిర్మించుకుంటాడు. యజమాని చేతికి డబ్బు వస్తుంది, మిద్దె మిగులుతుంది, ఖజానాకు రూపాయి ఖర్చు ఉండదు.

అయితే ఈ ధ్రువపత్రానికి విలువ రావాలంటే బిల్డరుకు అది లేకుండా అదనపు విస్తీర్ణం దొరక్కూడదు. ముంబైలో స్థలానికి ఇంత విస్తీర్ణం మాత్రమే కట్టాలన్న నిష్పత్తి పరిమితి గట్టిగా ఉంది. అందుకే అక్కడ టీడీఆర్‌కు బజారు ఏర్పడింది. హైదరాబాద్‌లో 2006 మార్చిలో వచ్చిన 86 నంబరు జీవోతో ఆ నిష్పత్తి పరిమితినే ఎత్తివేశారు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ స్థలం సరిపోతే ఎత్తుగా కట్టుకోవడానికి వీలు కలిగింది. ఉచితంగా దొరికే దానిని ఎవరు మాత్రం కొంటారు? 2012 భవన నిర్మాణ నిబంధనల్లో వారసత్వ కట్టడాలకు టీడీఆర్‌ ప్రస్తావన మళ్లీ వచ్చింది. అదనపు అంతస్తుకు, సెట్‌బ్యాకుల సడలింపునకు వాటిని వాడుకునే మార్గమూ ఏర్పడింది. కానీ నగరంలో ఈ పత్రాలు ప్రధానంగా రోడ్ల విస్తరణలో స్థలం కోల్పోయిన వారికి పరిహారంగానే చలామణీ అయ్యాయి. ఒక జీవో కుడిచేత్తో ఇచ్చిన దానిని మరో జీవో ఎడమచేత్తో తీసుకున్న ఈ ఉదంతంలో దురుద్దేశం ఏదీ కనిపించదు. రెండు దస్త్రాలూ ఒకే శాఖలో ఉన్నా ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదంతే.

ఇదే సాధనాన్ని అహ్మదాబాద్‌ వేరుగా వాడింది. అక్కడి పాత నగరంలో ‘పోల్‌’ అని పిలిచే ఇరుకు వీధుల్లోని కొయ్య ఇళ్లను జాబితా చేసి, ఇళ్లను నిలుపుకొన్న యజమానులకు టీడీఆర్‌ ఇచ్చారు. వాటిని అమ్ముకొని ఇళ్లకు మరమ్మతులు చేయించుకున్నవారు ఉన్నారు. నగరపాలక సంస్థలో వారసత్వ విభాగం 1996 నుంచే పనిచేస్తూ రావడం ఇందుకు తోడ్పడింది. 2017లో ఆ నగరానికి ప్రపంచ వారసత్వ నగరంగా యునెస్కో గుర్తింపు దక్కింది. ఇంచుమించు ఒకే కాలంలో బయలుదేరిన హైదరాబాద్‌ చార్మినార్‌, గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులను ముందుంచుకొని కూడా ఆ జాబితాలో చోటు కోసం ఎదురుచూస్తూనే ఉండిపోయింది.

ఒక్క జీవోతో రద్దు

లోపాలు ఎన్ని ఉన్నా ఇరవై ఏళ్ల పాటు 13వ నిబంధన నగరానికి ఒక గొడుగుగా ఉంది. కొనేవారికి, అమ్మేవారికి, బ్యాంకులకు, బిల్డర్లకు ‘ఇది హెరిటేజ్‌ బిల్డింగు’ అన్న మాట ఒక హెచ్చరికగా పనిచేసింది. అటువంటి నిబంధనను 2015 డిసెంబరు 7న 183 నంబరు జీవో ద్వారా ప్రభుత్వం తొలగించింది. దానికి బదులుగా సమగ్రమైన చట్టం తెస్తామన్నది అధికారుల వివరణ. పాత గొడుగు తీసేసిన తరువాత కొత్తది తయారు కావడానికి ఏడాదికి పైగా పట్టింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఆ నడుమ కాలంలో కమిటీకి కాలు పెట్టుకునే చోటే లేకుండా పోయింది. జాబితాలోని కట్టడాలకు రక్షణ కొనసాగుతోందా, లేదా అన్నది న్యాయస్థానాల్లో వాదనకు వచ్చే స్థాయికి చేరింది.

ఎర్రమంజిల్‌ వ్యాజ్యంలో ప్రభుత్వం ఆశ్రయించింది ఈ రద్దునే. నిబంధనే లేనప్పుడు రక్షణ ఎక్కడిదన్నది ప్రభుత్వ పక్షం వాదన. హైకోర్టు ఆ వాదనను అంగీకరించలేదు. ఈ తీర్పు మూలంగా పాత జాబితాకు మళ్లీ ప్రాణం వచ్చిందని పరిరక్షణవాదులు సంతోషించారు. అయితే ఆ సంతోషం అన్నిచోట్లా నిలవలేదు. మరుసటి ఏడాది జులైలో సచివాలయ ప్రాంగణాన్ని కూల్చినప్పుడు ఆరో నిజాం మహబూబ్‌ అలీఖాన్‌ కాలంలో 1888లో కట్టిన సైఫాబాద్‌ ప్రాసాదం, అంటే ఉద్యోగులు ‘జీ బ్లాకు’గా పిలుచుకున్న భవనం, మిగతా వాటితో పాటే నేలకూలింది. ఒకే నగరంలో, ఏడాది వ్యవధిలో, ఒకే యజమాని చేతిలో ఉన్న రెండు ప్రాసాదాలకు రెండు భిన్నమైన గతులు పట్టాయి.

2017 చట్టం కాగితం మీద పాత నిబంధన కంటే విశాలమైనది. రాష్ట్రస్థాయిలో వారసత్వ అథారిటీ, గ్రేటర్‌ హైదరాబాద్‌కు ప్రత్యేక కమిటీ, జిల్లాకు కలెక్టరు అధ్యక్షతన ఒక కమిటీ ఉండాలని అది చెబుతోంది. అంతవరకు రాజధానికే పరిమితమైన ఆలోచన తొలిసారి జిల్లాలకు చేరింది. ఇది తక్కువ విషయం కాదు. కాకపోతే పాత కమిటీలో నిపుణుల మాట ముందుండి, అధికారి సంతకం తరువాత ఉండేది. కొత్త ఏర్పాటులో అధికారే అధ్యక్షుడు. రోజుకు ఇరవై సమీక్షా సమావేశాలు చూసుకోవలసిన కలెక్టరుకు ధాన్యం కొనుగోళ్ల, మంచినీటి ఎద్దడి నడుమ ఒక పాత గడీ పైకప్పు గురించి యోచించే తీరిక ఎంతవరకు ఉంటుందన్నది ఎవరికి వారు ఊహించుకోదగిన విషయమే.

నిలిచినవి ఎలా నిలిచాయి?

కమిటీలు, జీవోలు అటుంచి, నగరంలో ఇటీవలి కాలంలో చక్కగా పునరుద్ధరణకు నోచుకున్న కట్టడాలను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. చౌమహల్లా ప్రాసాదాన్ని నిజాం కుటుంబానికి చెందిన యువరాణి ఎస్రా చొరవతో బాగుచేయించి 2005లో సందర్శకులకు తెరిచారు. 2010లో దానికి యునెస్కో ఆసియా-పసిఫిక్‌ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో చోటు లభించింది. 1935లో రాతితో కట్టిన మొజంజాహీ మార్కెట్‌ ముందు పుట్టుకొచ్చిన రేకుల పందిళ్లను, కరెంటు తీగల చిక్కులను తొలగించి, పురపాలక శాఖ ఉన్నతాధికారుల ప్రత్యక్ష పర్యవేక్షణలో సొగసులు తీర్చి 2020 ఆగస్టులో తిరిగి తెరిచారు. ఐస్‌క్రీం దుకాణాలు ఎప్పటిలాగే సాగుతున్నాయి. బజారు బజారుగానే మిగిలింది. కోఠి మహిళా కళాశాలలోని బ్రిటిష్‌ రెసిడెన్సీని ప్రపంచ కట్టడాల నిధి సంస్థ 2002లోనే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చగా, పునరుద్ధరణ ఒక కొలిక్కి వచ్చి భవనం 2023లో ప్రజల ముందుకు వచ్చింది. అంటే ఇరవై ఏళ్లు.

వీటన్నిటి వెనుక సంపన్న వారసులో, అంతర్జాతీయ సంస్థో, పట్టుదల గల ఒక అధికారో ఉన్నారు. కమిటీ గుర్తింపు పత్రం చేతిలో పట్టుకొని, దాని బలంతో మాత్రమే తన ఇంటిని నిలబెట్టుకున్న మధ్యతరగతి యజమాని ఈ పట్టికలో కనిపించడు. పాతబస్తీలోని దేవ్డీల స్థితి ఇందుకు విరుద్ధంగా ఉంది. ఒక్కో దేవ్డీకి పదుల సంఖ్యలో వారసులు. కొందరు విదేశాల్లో, కొందరు అదే ఇంటి వెనుక వసారాలో. పాత కిరాయిదారులు ఉన్నచోట అద్దె నామమాత్రం. పంపకాల దావా కోర్టులో నడుస్తుండగా మరమ్మతుకు చేయి వేయడానికి ఎవరికీ హక్కు లేదు, బాధ్యతా లేదు. ఒక వర్షాకాలంలో మద్రాసు టెర్రసు కప్పు మీద రావి మొలక లేస్తుంది. మూడేళ్లకు దాని వేరు దూలం దాకా దిగుతుంది. నాలుగో ఏట నగరపాలక సంస్థ నుంచి ‘శిథిల భవనం, ఖాళీ చేయండి’ అని మరో నోటీసు వస్తుంది. ఒక విభాగం కూల్చవద్దంటుంది, ఇంకో విభాగం కూల్చకపోతే ప్రమాదమంటుంది. రెండు నోటీసులూ ఒకే గుమ్మానికి అంటించిన దృశ్యాన్ని ఊహించుకోవడానికి పెద్ద కల్పనాశక్తి అవసరం లేదు.

ప్రశంసల విషయానికొస్తే ఆ లోటును కొంత పూరించింది స్వచ్ఛంద సంస్థ అయిన ఇంటాక్‌. పాత భవనాలను శ్రద్ధగా కాపాడుకుంటున్న యజమానులను, సంస్థలను ఎంపిక చేసి హైదరాబాద్‌ శాఖ ఏప్రిల్‌ 18న ప్రపంచ వారసత్వ దినోత్సవం సందర్భంగా పురస్కారాలు ఇస్తూ వచ్చింది. అధికార యంత్రాంగం నుంచి యజమానికి అందేది నోటీసు కాగా, ఈ సంస్థ నుంచి అందినది అభినందన. ఇది మాటవరసకు చెప్పే తేడా కాదు. తన ఇంటిని భారంగా చూసే మనిషికీ, గౌరవంగా చూసే మనిషికీ మధ్య నిర్ణయం మారిపోయేది ఇటువంటి చోటే. యునెస్కో పురస్కారాల నియమాలు కూడా ఈ దృష్టితోనే ఉన్నాయి. కట్టడం యాభై ఏళ్లు దాటి ఉండాలి. పని పూర్తయి పదేళ్లు మించకూడదు. బాగుచేసిన తరువాత కనీసం ఏడాది పాటు వాడుకలో ఉండాలి. తాళం వేసి ఉంచిన భవనానికి ఆ మెప్పు దక్కదు.

జిల్లాలకు దారి చూపిన దోమకొండ

ఈ పురస్కారాల్లో 2022వ సంవత్సరం తెలంగాణకు కలిసొచ్చింది. కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలోని మెట్ల బావులకు విశిష్టత పురస్కారం, కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకు ప్రతిభా పురస్కారం లభించాయి. బావుల పని ఆగాఖాన్‌ సాంస్కృతిక ట్రస్టు చేపట్టినది. దోమకొండది మరో కథ. సంస్థానాధీశుల వారసులే పూనుకొని, సొంత వనరులతో, సంప్రదాయ సున్నపు పనితో కోటలోని భవనాలను నిలబెట్టారు. కోట ఆవరణలోని మహదేవాలయంలో పూజలు సాగుతున్నాయి. ఊరివాళ్ల రాకపోకలూ ఉన్నాయి. రాజధానికి వంద కిలోమీటర్ల అవతల, ఏ నగర కమిటీ పరిధిలోకీ రాని చోట ఈ పని జరగడం ఆలోచించదగినది.

అయితే దోమకొండ వారసుల శక్తి అందరు వారసులకూ ఉండదు. తెలంగాణ పల్లెల్లో గడీల పట్ల జనం మనసులో మమకారం కంటే వెట్టిచాకిరీ నాటి చేదు జ్ఞాపకమే ఎక్కువన్న సంగతిని కూడా విస్మరించలేం. గడీ కూలితే పీడ విరగడైందనుకున్న ఊళ్లు ఉన్నాయి. ఆ కట్టడాన్ని కాపాడాలని జిల్లా కమిటీ తీర్మానిస్తే, ఎవరి చరిత్రను కాపాడుతున్నారని గ్రామసభలో లేచి అడిగేవారు తప్పకుండా ఉంటారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. గడీని దొర ఇల్లుగా కాకుండా ఊరి ఆస్తిగా మార్చిన చోట మాత్రం ఈ ప్రశ్నకు జవాబు దానంతట అదే దొరికింది. వనపర్తి సంస్థానాధీశుల ప్రాసాదంలో 1959 నుంచి పాలిటెక్నిక్‌ కళాశాల నడుస్తోంది. గద్వాల కోట లోపల డిగ్రీ కళాశాల వెలసింది. అక్కడ చదివిన వేలాది మంది పేదింటి పిల్లలకు అది రాజుగారి మేడ కాదు, తమ కాలేజీ. ఇటువంటి భవనాలకు కమిటీ చేయగల మేలు బోర్డు పెట్టడం కాదు. కళాశాల నిర్వహణ గ్రాంటులో పాత కప్పు మరమ్మతుకు విడిగా పద్దు ఉండేలా చూడటం, సిమెంటు కాంట్రాక్టరుకు బదులు సున్నం తెలిసిన మనిషికి పని దక్కేలా టెండరు షరతులు మార్చడం. రోడ్లు భవనాల శాఖ ధరల పట్టికలో డంగు సున్నానికి సరైన చోటు కల్పించనిదే ఏ జిల్లా ఇంజినీరూ ఆ పనికి అంచనా వేయలేడు.

ఆసుపత్రి మిగిల్చిన ప్రశ్న

ఇక రాజధానిలో ఇప్పుడు అందరి కళ్లూ ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం మీదే ఉన్నాయి. 1908 మూసీ వరదల అనంతరం నగర పునర్నిర్మాణంలో భాగంగా, విన్సెంట్‌ ఈష్‌ రూపకల్పనలో వెలసిన ఈ భవనాన్ని కూల్చి కొత్తది కడతామన్న ప్రతిపాదన 2015లోనే వచ్చింది. 2020 జులైలో వార్డుల్లోకి వాననీరు, మురుగునీరు చేరడంతో పాత భవనం నుంచి రోగులను తరలించారు. భవనాన్ని ఉంచాలా, కూల్చాలా అన్నది ఏళ్ల తరబడి హైకోర్టులో నలిగింది. వైద్యులకు, రోగులకు కావలసినవి పడకలు, ఆపరేషన్‌ థియేటర్లు. పరిరక్షణవాదులకు కావలసినది గుమ్మటాలు. ఈ రెంటినీ శత్రువులుగా నిలబెట్టడం వల్ల ఇద్దరికీ నష్టమే జరిగింది. వార్డులూ రాలేదు, గుమ్మటాలకు మరమ్మతూ జరగలేదు.

చివరకు కొత్త ఆసుపత్రిని గోషామహల్‌లో నిర్మించాలని నిర్ణయించిన ప్రభుత్వం 2025 జనవరి 31న అక్కడ శంకుస్థాపన చేసింది. పాత భవనాన్ని వారసత్వ కట్టడంగా కాపాడతామని ప్రకటించింది. గోషామహల్‌లో మైదానం కోల్పోతున్నామన్న స్థానికుల ఆందోళన వేరే విషయం. కూల్చివేత ముప్పు తొలగినంత మాత్రాన పాత భవనానికి కష్టాలు తీరినట్లు కాదు. అది ఏ వాడకంలోకి వస్తుంది, ఎవరి పద్దు కింద మరమ్మతు జరుగుతుంది, సలహా చెప్పే నిపుణుల సంఘం ఎవరిది, ఆ సలహాను కాదనాలంటే కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలా, అక్కరలేదా అన్న ప్రశ్నలు 1995లో హుడా ఫైలు తెరిచిన నాడు ఎదురైనవే. ఆనాడు వాటిలో కొన్నింటికైనా కాగితంపై జవాబు ఉంది.